డీజిల్ వాసన

కోటు చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, దించి, మళ్లీ పెట్టుకుంది బ్యాంకు ఆవిడ.

"కుట్టుకి వంక పెట్టడానికి లేదు సూదమ్మా. కానీ ఇదేం వాసన?"

సూదమ్మ కుట్టుమిషను ముందు నుంచి లేచి, కోటు అందుకుని తానూ వాసన చూసింది. పొద్దస్తమానం ఆ గదిలోనే కూర్చునే ముక్కుకి ఏం తెలుస్తుంది? ఇస్త్రీ వేడి, నూలు దుమ్ము, మిషను నూనె. వాటి వెనకాల, అవును, ఇంకేదో ఉంది. ఘాటుగా, ముక్కుపుటాలకి పట్టుకునేలా.

సూదమ్మ అన్న పేరు ఆమెకి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. వదులైనవి బిగించడం, బిగిసినవి వదులు చెయ్యడం, చిరిగిన చోట చిరిగినట్టు తెలియకుండా దారం నడిపించడం ఆమె పని. ఆ వీధిలో వాళ్ల బట్టలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతుల మీదుగా పోవాల్సిందే. కట్టుకున్నవాడు కూడా ముద్దొస్తే "సూదీ" అనే పిలుస్తాడు. కోపమొస్తే "గుచ్చకే" అంటాడు.

"పిల్లిని గానీ పెంచుతున్నారా?" అడిగింది బ్యాంకు ఆవిడ.

లేదని చెబుదామని సూదమ్మ నోరు తెరిచేలోపే నిజం మిషను కింద నుంచి ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చింది. పట్టుమని జానెడు లేని బూడిదరంగు కూన. కత్తిరించిన గుడ్డముక్కల కుప్ప ఎక్కి, వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూస్తూ, తోక ఎత్తి కూర్చుంది. తర్వాత జరిగినదాన్ని కూర్చోవడం అనరు, కుళాయి విప్పడం అంటారు. బ్యాంకు ఆవిడ గబుక్కున వెనక్కి తగ్గింది.

"ఇంకో రెండు కోట్లున్నాయి, ఇద్దామనుకున్నా... సర్లే, తర్వాత తెస్తా."

ఆ తర్వాత ఎప్పటికీ రాదని సూదమ్మకి తెలుసు. తలుపు దాకా వెళ్లి సాగనంపి, వెనక్కొచ్చి, ముక్కల కుప్పంతా సంచిలోకి ఎత్తింది. నేల తుడిచింది. ఫినాయిలు పోసి మళ్లీ తుడిచింది. కూన మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుని, వణికే కాలుతో చెవి గోక్కోబోయి, తూలి పక్కకి పడింది.

కిటికీ పక్క కుర్చీలో మామగారు పేపరు చదువుకుంటూనే ఉన్నారు. తల ఎత్తలేదు.

ఆయన ఒకప్పుడు స్కూల్లో పిల్లలచేత కసరత్తులు చేయించిన మనిషి. రిటైరై ఎన్నేళ్లయినా వీధికంతటికీ డ్రిల్లు మాస్టారే. నడుము వంచడమంటే తెలియదు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఇస్త్రీ మడత మీద చెయ్యి పెడితే తెగుతుందేమో అన్నట్టుండాలి. తెల్లారకముందే లేచి తన బట్టలు తనే ఉతుక్కుంటారు. కోడలు చెయ్యి వెయ్యబోతే, "నా చేతులు పడిపోయాయా అమ్మాయ్?" అంటారు. శుభ్రం విషయంలో ఆయన అంత ఖచ్చితం గనకనే, ఆ కూన ఇంట్లోకి వచ్చిన రోజు పెద్ద గొడవైంది.

దాన్ని తెచ్చింది సూదమ్మ భర్త. సిటీ బస్సు డ్రైవరు. ఇంజను మూత పక్కన వెచ్చగా ఉందని ఏ స్టాపులోనో ఎక్కేసింది. టిక్కెట్టు లేని ప్రయాణికురాల్ని డిపోలో దించబోతే అతని చొక్కా పట్టుకుని వేలాడింది. ఒళ్లంతా మసి. అందుకే డీజిల్ అని పేరు పెట్టి, టిఫిను సంచిలో వేసుకుని తెచ్చాడు.

"ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అన్నారు మాస్టారు ఆ రోజు. అదీ ఉంది, ఆయనా ఉన్నారు. మాట మాత్రం చల్లారిపోయింది.

సాయంత్రం డ్రైవరు డ్యూటీ దిగి వచ్చేసరికే ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. కింద వాటాలో ఉండే ఇంటాయన మెట్ల దగ్గర కాపు కాసి మరీ పట్టుకున్నాడట.

"ఏమన్నాడో తెలుసా? 'మీ ఇంటి తలుపు తీస్తే మెట్ల మీద ముక్కు మూసుకోవాల్సొస్తోంది. ఆ పిల్లినైనా పంపించు, మీరైనా ఇంకో ఇల్లు చూసుకోండి' అన్నాడు. అందరి ముందూ!"

"మీరేమన్నారు?"

"ఏమంటాను? మింగలేక కక్కలేక నిలబడ్డా." సాక్సు విప్పి మూలకి విసిరాడు. "అయినా సూదీ, దీనికేమైంది? తిన్నది తిన్నట్టు జారిపోతోంది. డీజిల్ అని పేరు పెడితే మాత్రం ఇలా లీకవ్వాలా?"

వేరే రోజైతే సూదమ్మ నవ్వేది. పొద్దుటి కోటు సంగతి చెప్పింది. అతను తల గోక్కున్నాడు. కూన అతని బూటు మీద తల పెట్టి పడుకుంది. బరువే లేదు.

"డిపోలో వదిలేస్తా. అక్కడ ఎలుకలున్నాయి. బతుకుతుంది," అన్నాడు, తనని తనే నమ్మించుకుంటున్నట్టు.

"ఈ కాళ్లతో ఎలుకని పడుతుందా? ఎలుకే దీన్ని పడుతుంది."

అప్పుడు కిటికీ దగ్గర నుంచి మాస్టారు గొంతు వినిపించింది.

"ఉండనీరా. నోరులేని ప్రాణి. ఎక్కడికని పోతుంది?"

మొగుడూ పెళ్లాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది ఆయన నోట రావాల్సిన మాట కాదు. సూదమ్మకి కళ్లు చెమర్చాయి కూడా. పైకి కర్కశంగా ఉంటారు గానీ లోపల వెన్న, అనుకుంది.

మర్నాడు పని పక్కన పెట్టి కూనని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మాటలు తక్కువ మనిషి. మెడ మీద చర్మం పట్టుకుని పైకి లాగి వదిలింది. అది వెంటనే కిందికి దిగలేదు, గుడారంలా నిలబడి మెల్లగా సర్దుకుంది.

"చూశావా? ఒంట్లో నీళ్లు లేవు. ఇంకొన్నాళ్లు ఇలాగే పోతే దక్కదు."

అప్పటిదాకా సూదమ్మకి వాసన ఒక్కటే కష్టంగా కనిపించింది. ఆ వాసన వెనక ఒక ప్రాణం కారిపోతోందని తట్టలేదు.

"ఏం పెడుతున్నావు?"

"మేం ఏది తింటే అదేనండీ. అన్నం, గుడ్డు, చేప ముక్క..."

"పాలు?"

"వచ్చిన మొదట్లో పోశానండీ. పిల్లి కదా అని."

"పిల్లికి పాలు సామెతల్లో పడతాయి, కడుపులో పడవు." డాక్టరమ్మ నవ్వకుండానే అంది. "తల్లి పాలు వేరు, మన ఇంటికొచ్చే పాలు వేరు. అవి అరిగించుకునే శక్తి దీనికి లేదు. లోపల పులిసి, ఇదిగో, ఇలా బయటికొస్తాయి. పాలు మానేశావా మరి?"

"ఎప్పుడో మానేశానండీ."

డాక్టరమ్మ కూన కింద పరిచిన కాగితం వైపు చూసి, ముక్కు ఎగబీల్చింది. "ఎవరో పోస్తున్నారమ్మా. పులిసిన పాల వాసనని ఎవరు దాచగలరు?"

నులిపురుగులకి మందు చుక్కలు వేసింది. చర్మం కింద సెలైను ఎక్కించింది. ఉప్పు, నూనె లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని దారాల్లా చీల్చి, కాస్త కాస్తగా పెట్టమంది. అది నిలబడ్డాక కూనల మేత కొంచెం కొంచెం కలుపుతూ పోవాలి. ఒక్కసారి మారిస్తే కడుపు మళ్లీ మొదటికొస్తుంది. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి.

"దొడ్డికెక్కడ కూర్చోబెడుతున్నావు?"

"పాత ప్లాస్టిక్ తొట్టిలో ఇసుక పోశానండీ. ఫినాయిలు చల్లుతూనే ఉన్నా. అయినా అందులో కూర్చోదు."

"ఫినాయిలు దానికి విషం. ఆ ఘాటుకి భయపడే నీ గుడ్డల మీద కూర్చుంటోంది. వేణ్ణీళ్లు, మామూలు సబ్బు చాలు. తిండి దగ్గర తొట్టి పెట్టకు. మనం పెట్టుకుంటామా? చేసినప్పుడల్లా తీసెయ్యి. కడుపు కుదుటపడితే సగం వాసన పోతుంది, మిగతా సగం చేత్తో పోతుంది."

ఇంటికొస్తూనే సూదమ్మ కొంగు బిగించింది. తొట్టిని సలసల కాగే నీళ్లతో కడిగి ఎండలో బోర్లించింది. ఇసుక పారబోసి, షాపులో దొరికే మట్టి గుళికలు తెచ్చింది. అడుగున వంటసోడా పలచగా చల్లి, దాని మీద రెండు వేళ్ల మందాన గుళికలు పరిచింది. తొట్టిని బాల్కనీ మూలకి, గాలి ఆడే చోటికి మార్చింది. పాత జల్లెడ గరిటె ఒకటి దానికే కేటాయించింది. అది మళ్లీ వంటింట్లోకి రాకుండా పిడికి ఎర్రదారం చుట్టింది.

డీజిల్ తొట్టెక్కి, గుళికల్ని కాలితో గీరి, ఇదేదో బాగుందే అన్నట్టు చూసింది. ఇక గుడ్డల కుప్ప జోలికి పోలేదు.

కడుపు మాత్రం కుదుటపడలేదు. పగలంతా కాస్త గట్టిపడ్డట్టే ఉంటుంది. మర్నాడు పొద్దెక్కేసరికి మళ్లీ నీళ్లే. సూదమ్మ కోడిమాంసాన్ని ఇంకా సన్నగా చీల్చింది. నీళ్లు కాచి చల్లార్చి పోసింది. ఏం చేసినా గోడకి కొట్టిన బంతిలా కడుపు మొదటికే వచ్చేది.

ఒక పొద్దున వంటింట్లో నుంచి వస్తూ, కూన మూతి మీసాల మీద తెల్లటి చుక్క చూసింది. కిటికీ పక్క చిన్న బల్ల మీద మాస్టారి పాల గ్లాసు సగమే ఉంది. ఆయన చేతిలో సాసరు. దాన్ని తువ్వాలుతో శ్రద్ధగా తుడుస్తున్నారు.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందంటారు. ఆ ఇంట్లో కళ్లు మూసుకున్నది పిల్లి కాదు.

"మామయ్యా, పాలు పోశారా దానికి?"

ఆయన చెయ్యి ఆగింది. "కొంచెమే అమ్మాయ్. ఆశగా చూస్తుంటే..."

"డాక్టరమ్మ చెప్పింది కదా, మీ ఎదురుగానే చెప్పాను కదా. దానికి పాలు విషమట. చచ్చిపోతుంది మామయ్యా."

చచ్చిపోతుందన్న మాటకి ఆయన ఉలిక్కిపడ్డారు. సూదమ్మ అది గమనించింది. ఆయన కూన వైపు చాలాసేపు చూశారు.

"అంతవరకూ వస్తుందనుకోలేదు," అన్నారు మెల్లగా. "ఇక పొయ్యను."

పొయ్యలేదు. ముసలి ప్రాణం, ముద్దు చేసుకోవడానికి ఇంకెవరున్నారు, అని సూదమ్మ మనసులోనే సర్దిచెప్పుకుంది.

పాలు ఆగిన దగ్గర్నుంచి డీజిల్ ముఖంలో కళ వచ్చింది. నీళ్ల గిన్నెలో మూతి పెడితే తీసేది కాదు. తోక నిలబడింది. దారపు ఉండ వెంట గదంతా పరిగెత్తి, మిషను పెడలు మీద ఎక్కి, దించితే మళ్లీ ఎక్కేది. ఒక మధ్యాహ్నం సూదమ్మ బాల్కనీలోంచి పెట్టిన కేకకి, భోజనం చేస్తున్న డ్రైవరు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? పడిపోయిందా?"

"చూడండి!"

తొట్టిలో చిటికెన వేలంత, గట్టిగా, గుండ్రంగా. ఇద్దరూ వంగి, ఉంగరం దొరికినట్టు చూశారు.

"సూదీ, మన పెళ్లిచూపులప్పుడు కూడా నువ్వింత సంతోషంగా లేవే."

"అప్పుడు ఇంత మంచిది కనపడలేదు మరి!"

అతను పగలబడి నవ్వాడు. చాలా రోజులకి ఆ ఇంట్లో నవ్వు వినపడింది. డీజిల్ తను చేసిన ఘనకార్యం మీద గుళికలు కప్పి, దర్జాగా నడిచి వెళ్లిపోయింది.

కానీ వాసన పోలేదు.

మొదట తన ముక్కునే అనుమానించింది సూదమ్మ. బాల్కనీకి వెళ్లి తొట్టిలోకి తల వంచి గట్టిగా పీల్చింది. తడిమట్టి వాసన, అంతే. కూనని ఎత్తి పొట్టకి ముక్కు ఆనించింది. ఎండలో ఆరిన దూది. మళ్లీ ముందుగదిలోకి వచ్చింది. అక్కడే ఉంది. ఘాటుగా, కళ్లు చురచురలాడేలా.

బట్టల్లో చిన్న మరకని వెతికినట్టు వెతికింది. కర్టెన్లు. మిషను కింద. గుడ్డల సంచి. గోడ వారగా. మోకాళ్ల మీద పాకుతూ, ఆగి పీలుస్తూ, మాస్టారి మంచం దగ్గరికి వచ్చింది.

మాస్టారు పేపరు కోసం కిందికి దిగారు. ఆయన పక్క దుప్పటి గీత గీసినట్టు పరిచి ఉంది. అంచు ఎత్తింది. పరుపు కింద మడిచిన పేపర్లు, వాటి కింద ఒక ప్లాస్టిక్ షీటు. పేపర్లు ఉబ్బి, ఎండి, పసుపెక్కి ఉన్నాయి. మూల ఒక సంచిలో, ఇంకా ఉతకని లోదుస్తులు, గట్టిగా మూతి కట్టి.

తెల్లారకముందే ఉతుక్కోవడం క్రమశిక్షణ కాదు. కుర్చీ మీద ఎప్పుడూ మడిచి వేసుకునే తువ్వాలు వెన్నునొప్పికి కాదు. సాయంత్రం పార్కు బెంచీకి వెళ్లడం మానెయ్యడం, అన్నం తినేటప్పుడు మంచినీళ్లు కూడా లెక్కగా గుక్కెడే తాగడం... ఒక్కో కుట్టూ ఊడుతున్నకొద్దీ కింద దాగిన చినుగు బయటపడినట్టు, అన్నీ కనిపించాయి.

ఆ వెంటనే ఇంకోటి తట్టింది. పాలు.

ముద్దుకి పొయ్యలేదు. కూన కడుపు చెడి ఉన్నంతకాలం ఈ వాసన దాని ఖాతాలోకే పోతుంది. "ఉండనీరా, నోరులేని ప్రాణి" అన్నది అందుకా? నోరులేనిదే కావాల్సి వచ్చిందా? అది చచ్చిపోతే ఏం చేసేవారు, ఇంకోదాన్ని తెమ్మనేవారా?

మెట్ల మీద ఆయన అడుగులు వినిపించాయి. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి. సూదమ్మ సంచిని ఉన్నచోటే పెట్టింది. దుప్పటి అంచు లాగి, గీత సరిచేసి, మిషను ముందుకు వచ్చి కూర్చుంది. ఆయన లోపలికొచ్చి, ఆమె కూర్చున్న తీరు చూసి, మంచం వైపు చూసి, కుర్చీలో కూర్చున్నారు. పేపరు విప్పారు. అది తలకిందులుగా ఉంది. చాలాసేపటిదాకా తిప్పుకోలేదు.

సూదమ్మ కోపం ఆ తలకిందులు పేపరు దగ్గర ఆగిపోయింది.

మామగారితో కోడలు ఈ మాట ఎలా ఎత్తుతుంది? మొగుడికి చెబితే, అతను ఊరంతా వినేలా "నాన్నా!" అంటాడు. చెప్పకపోతే పిల్లి పోతుంది. అడకత్తెరలో పోకచెక్కంటే ఇదే కాబోలు అనుకుంది.

నోరు పనిచెయ్యనప్పుడు ఆమెకి చేతులుంటాయి. మెత్తబడిన పాత నూలు దుప్పటి తీసి నాలుగు పలకలుగా కత్తిరించింది. మధ్యలో తువ్వాలు గుడ్డ రెండు పొరలు, అడుగున ఒక పాత వానకోటు లోపలి గుడ్డ. పొరలు జారకుండా అడ్డంగా, ఐమూలగా కుట్లు వేసింది. పక్క మీద పరిచేవి పెద్దవి, ఒంటి మీదకి చిన్నవి. ఒంటికి తగిలే వైపు అంచు మడత రాకుండా లోపలికి తిప్పింది. ఒరుసుకుంటే పుండవుతుంది మరి. డీజిల్ వచ్చి ఒక పలక మీద చుట్టుకుని పడుకుంటే, దాంతోనే మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఏమే డీజిల్, ఎన్ని తిట్లు తిన్నావే! తప్పు నీదా? కడుపు నీ మాట వినలేదు, అంతే. డాక్టరు దగ్గరికెళ్తే చుక్కల మందుతో పోయింది. ఒళ్లన్నాక మాట వినని రోజులొస్తాయి. దాచుకుంటేనే ముదురుతుంది."

పేపరు వెనక నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు.

"నాకు చెబుతున్నావా అమ్మాయ్, దానికా?"

"దానికే మామయ్యా."

"ఊఁ. అదేం కుడుతున్నావు?"

"ఎవరికో కావాలంటే కుడుతున్నానండీ. అల్మరాలో మీ చొక్కాల కింద పెడతాను. ఇక్కడుంటే ఇది బొచ్చు రాలుస్తుంది."

ఆమె పలకలు మడతపెట్టి, చొక్కాల కింద సర్ది, అల్మరా తలుపు మూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు డ్రైవరు డ్యూటీకి బయల్దేరుతూ టిఫిను సంచి ఖాళీ చేశాడు. సూదమ్మ కూన వైపు చూసింది.

"ఇంటాయన మళ్లీ పట్టుకున్నాడు," అన్నాడు ఆమె కళ్లలోకి చూడకుండా. "నేనే తెచ్చాను, నేనే తీసుకెళ్తాను. కడుపు బాగైంది కదా, బతుకుతుందిలే."

"కడుపు బాగైంది, తొట్టి కడిగిన గిన్నెలా ఉంది. ఇంకా దాన్నెందుకు అంటారు?"

"మరి వాసనెక్కడిది? నీ నుంచా, నా నుంచా?"

సూదమ్మ నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. "నేను తుడవడం సరిగ్గా లేదేమో. తప్పు నాదే. ఒక్క వారం..."

"నీదెలా అవుతుంది? పొద్దున లేస్తే తుడుస్తూనే ఉంటావు!" కూనని సంచిలో పెట్టాడు. అదేదో ఆటనుకుని, సంచి మూతిలోంచి తల బయటపెట్టి అతని బొత్తాన్ని కొరికింది. అతను ఇంకోవైపు తిరిగాడు.

"దాన్ని దింపరా."

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చేతులు తొడలకి ఆనించి, మడమలు కలిపి, ప్రార్థనకి నిలబెట్టిన పిల్లాడిలా.

"అది కాదు. నేను."

"ఏంటి నాన్నా, నువ్వు?"

"వాసన నాది. తెలియకుండానే అయిపోతోంది. లేచి వెళ్లేలోపే." గొంతు వణకలేదు. చూపు మాత్రం ఎదురుగోడ మీదే ఉంది. "దాని మీద పెట్టి నడిపించాను. కడుపు బాగుపడితే నా సంగతి బయటపడుతుందని పాలు కూడా పోశాను. నీ పెళ్లానికి తెలుసు. నిన్నే తెలిసింది. తెలిసి కూడా, ఇందాక తప్పు తన మీద వేసుకుంది. ఇంకా నేను నోరు మూసుకుని నిలబడితే మనిషిని కాదు."

గదిలో కుట్టుమిషను మీద దారపు ఉండ ఒకటే కదులుతోంది, సంచిలోంచి దూకిన డీజిల్ పంజాతో కొడుతుంటే.

డ్రైవరు కేక పెట్టలేదు. సూదమ్మ అనుకున్నట్టు "నాన్నా!" అని అరవనూ లేదు. సంచి కింద పెట్టి, తండ్రి మంచం మీద, సరిగ్గా ఆ చోటే, కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"పిచ్చోడివి నాన్నా," అన్నాడు. ఆ మాట అతను ఎప్పుడూ అనలేదు తండ్రిని. "మా డిపోలో సగం మంది సీటు మీద నుంచి దిగలేక ఈ అవస్థే పడుతుంటారు. మా ఇన్‌స్పెక్టరు మందు వాడుతున్నాడు. సిగ్గేముంది?"

"నీకు లేదు. నాకుంది."

"సరే, సిగ్గుపడుతూనే రా. పోదాం."

ఫోను తీసి ఆ పూటకి సెలవు చెప్పాడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. మాస్టారు చొక్కా ఎప్పట్లాగే తెల్లగా ఉంది. లోపల, సూదమ్మ కుట్టినదాంట్లో ఒకటి ఉందని ఆయన కూర్చున్న ధైర్యం చూస్తే ఆమెకి తెలిసింది. అంచులు ఒరుసుకోవట్లేదు కదా అని అడగాలనిపించింది. అడగలేదు. పిలుపు వచ్చింది. డ్రైవరు చెయ్యి అందించబోతే ఆయన పక్కకి నెట్టి, నిటారుగా నడిచి, తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"నువ్వూ రా అమ్మాయ్. డాక్టరు చెప్పేది నాకు సరిగ్గా వినపడదు. నువ్వు విని గుర్తుపెట్టుకో."

వీధి చివర పిల్లలు ఈల వేస్తే ఎవరు వేశారో చెప్పగల మనిషి. సూదమ్మ పైట సర్దుకుని లేచింది.

ప్రోస్టేటు గ్రంథి ఉబ్బిందన్నాడు డాక్టరు. దానికి తోడు మూత్రంలో ఇన్‌ఫెక్షను. నీళ్లు తాగడం మానెయ్యడం వల్లే అది ముదిరిందని కేకలేశాడు. మాత్రలు రాశాడు. పూర్తిగా పోతుందని చెప్పలేను గానీ, మీ చేతిలోకి వస్తుంది అన్నాడు. ఆ మాత్రలతోనే నెమ్మదించింది. పరుపు మార్చారు. పాత పరుపుని డ్రైవరే మోసుకెళ్లి పారేశాడు. కొత్తదాని మీద ముందు ఎక్కి పడుకున్నది డీజిలే.

తర్వాత ఒకరోజు ఉదయం నుంచి ఒకటే ముసురు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఇంటాయన పైకప్పు కారుతోందేమో చూడ్డానికి పైకొచ్చి, చూసి, టీ ఇస్తే కాదనలేక కూర్చున్నాడు. రెండు గుక్కలు తాగాక ముక్కు ఎగబీల్చి, ముఖం విప్పార్చుకున్నాడు.

"చూశారా మాస్టారూ! తలుపులన్నీ వేసున్నా ఎంత హాయిగా ఉందో! పిల్లిని పంపించెయ్యడం మంచి పని. నేను చెబితే మీవాడు మొదట విన్లేదు. ఎన్నాళ్లు నరకం పెట్టిందండీ అది!"

సూదమ్మ చేతిలో కత్తెర ఆగింది. ఏదో ఒకటి చెప్పి మాట తప్పిద్దామని నోరు తెరవబోయింది. మాస్టారు ఆమె వైపు చూసి, వద్దన్నట్టు చిన్నగా తల ఊపి, ఒళ్లో కప్పుకున్న శాలువా అంచు ఎత్తారు. లోపల డీజిల్ వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ వదిలేసి నిద్రపోతోంది. బొజ్జ నున్నగా, నిండుగా ఉంది.

"ఎక్కడికీ పోలేదండీ. ఇదిగో. పాపం దీన్ననకండి. ఆ వాసన దీనిది కాదు, నాది." ఆయన శాలువా మళ్లీ కప్పారు. "ప్రోస్టేటు. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఇంటిల్లిపాదినీ ఏడిపించాను. మాత్రలు వేసుకుంటున్నా, ఇప్పుడు పరవాలేదు."

ఇంటాయన గ్లాసు పెదవి దాకా వెళ్లి ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది. కూనని చూశాడు, మాస్టారిని చూశాడు, బయట వానని చూశాడు. సూదమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసింది. పెడలు తొక్కింది. టకటకమని చప్పుడు గదంతా నిండింది.

ఆ చప్పుడు మాటున ఇంటాయన కుర్చీని కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ డాక్టరండీ?"